చిన్నమామ వైపు నేత

గత వారం హనుమకొండ చౌరస్తాలో పట్టపగలు ఒక యువకుడు తన హెల్మెట్‌తో ఒక ఆటో అద్దాన్ని పగలగొట్టాడు. నేను రోడ్డు దాటడానికి సిగ్నల్ కోసం నిలబడి ఉన్నాను. రోడ్డు ఖాళీగా ఉన్నా సరే, దీపం మారేవరకు అడుగు కదపకపోవడం నా అలవాటు; దీన్ని చూసి మా బంధువుల పిల్లలు చాటుగా నవ్వుకుంటారని తెలుసు, అయినా మార్చుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు. ఆ అలవాటు వల్లనే జరిగినదంతా మొదటి నుంచి చివరి వరకు చూడగలిగాను. యువకుడు బండి దిగాడు, స్టాండ్ వేశాడు, హెల్మెట్ తీశాడు, దానితోనే అద్దాన్ని బాదాడు. "నన్ను జూసి ఎందుకు నవ్వినవ్‌రా? జోకర్ లెక్క కనవడ్తాన్ననా?" అని అరిచాడు. ఆటో నడిపే మనిషి నుదురు గాజుపెంకుకు గీసుకొని రక్తం కారుతున్నది. "అయ్యో అన్నా, నీ దిక్కు సూడనే సూడలె! ఫోన్ల మా దోస్తుగాడు ఏందో అంటే నవ్విన," అని చెవిలోని తీగను పీకి మరీ చూపించాడు. నవ్వు తన మీదిది కాదని తెలిసిన మనిషి చల్లబడాలి కదా. ఆ యువకుడు ఇంకా రెచ్చిపోయి, ఈసారి అద్దాన్ని వదిలి మనిషి మీదనే దెబ్బ వేశాడు. కానిస్టేబుల్ వచ్చి రెక్క పట్టి లాగేవరకు ఆ ముఖాన్ని నేను పరిశీలనగా చూశాను. అది నాకు కొత్త ముఖం కాదు. అలాంటి ముఖం పక్కన కూర్చుని కొన్నేళ్లు భోజనం చేశాను. ఆయన మా అమ్మకు చిన్న తమ్ముడు, మా చిన్నమామ.

నాకు వరంగల్లులో ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఒంటరిగా గది తీసుకొని ఉండడం మా నాన్నకు ఇష్టం లేక, కొత్తవాడలోని అమ్మమ్మ ఇంటికి పంపించారు. ఆ ఇంట్లో మనుషులకంటే మగ్గానికే ఎక్కువ చోటు ఉండేది. ముందుగదిని గోడ నుంచి గోడ దాకా ఆక్రమించిన పెద్ద మగ్గం మీద మామలిద్దరూ జంపఖానాలు నేసేవారు. వెడల్పు జంపఖానాను ఒక్క మనిషి నేయలేడు. ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఎవరి సగంలో వారు రంగు దారాన్ని, మగ్గానికి నిలువుగా బిగించిన పడుగు పోగుల మధ్య నుంచి పోనిచ్చి, పంజాతో దట్టించాలి. పంజా అంటే పిడి ఉన్న బరువైన ఇనుప దువ్వెన. దాని పళ్లు పోగుల మధ్య దిగి, అడ్డంగా వేసిన దారాన్ని అణచి వరుసను బిగిస్తాయి. ఇద్దరి దెబ్బలూ ఒకే బలంతో పడాలి. ఒకరిది గట్టిగా, ఇంకొకరిది మెత్తగా పడితే జంపఖానా ఒకవైపు బిగుసుకొని, మరోవైపు ఉబ్బి, నేల మీద పరిచినప్పుడు చదునుగా పడుకోదు. కుడివైపు పెద్దమామ, ఎడమవైపు చిన్నమామ. కుడివైపు కూర్చున్నవాడు "ఎర్ర, ఎర్ర, నల్ల, పచ్చ" అని రంగులు పలుకుతాడు. ఎడమవైపువాడు విని అనుసరిస్తాడు. తాతయ్య నాటి నుంచి వస్తున్న ఈ క్రమం నాకు ఎంతో నచ్చేది. తరగతిగదిలోనైనా అంత క్రమాన్ని నేను తీసుకురాలేకపోయాను. అమ్మమ్మ ఆ జంట చప్పుడు వింటూ బియ్యం ఏరేది. ఎక్కడైనా ఒక దెబ్బ తడబడితే చాట ఆపి తలెత్తేది. దెబ్బ తడబడిందంటే ఎడమవైపు మనిషికి ఏదో గుర్తుకు వచ్చిందని అర్థం.

చిన్నమామ చేతిలో దెబ్బ తినని వస్తువు ఆ ఇంట్లో లేదు. మా సత్తుగిన్నెలకు సొట్టలు పడింది వంట వల్ల కాదు. వర్ధన్నపేటలో ఒక పెళ్లికి పోయినప్పుడు, వడ్డించే మనిషి పెద్దమామ విస్తరిలో కూర ఎక్కువ వేసి తన విస్తరిలో తక్కువ వేశాడని, అతని చేతిలోని బకెట్‌ను గుంజుకొని అతని తల మీదనే బోర్లించాడు. వేడి కూర మెడ మీదుగా కారి ఆ మనిషి గిలగిలలాడుతుంటే పెళ్లికూతురు తండ్రి పరుగెత్తుకొచ్చాడు. "మీ తాన నేనంటే ఎంత అలుసో గా గంటెల కనవడ్డది," అన్నాడు చిన్నమామ. వడ్డించే మనిషికి మా మామలిద్దరిలో ఎవరు పెద్దో ఎవరు చిన్నో కూడా తెలియదు. మరొకసారి బస్టాండులో ఆయన నర్సంపేట బస్సు అనుకొని ఎక్కబోతుంటే, అది కాదని పదిమందిలో నేను చెప్పాను. అక్కడ ఏమీ అనలేదు. సాయంత్రం నేను పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకుంటూ ఉంటే ఇత్తడి చెంబు వచ్చి నా కనుబొమ మీద తగిలింది. "సదువుకున్నదానివి, ఇప్పుడు సదువు," అన్నాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉన్నది. చిన్నత్త సంగతి ఇంతకంటే ఘోరం. ఆమె ఒకనాడు మగ్గం ముందు నిలబడి, పెద్దమామ పనిని చూసి, "బావ అంచు మంచిగ తీసిండు," అన్నది. అన్నది అంతే. ఆమెను జుట్టు పట్టి గుమ్మానికేసి కొట్టాడు. గాజులు పగిలి మణికట్టులో గుచ్చుకున్నాయి. మరునాడు ఆమె నెక్కొండలోని పుట్టింటికి రైలెక్కింది. ఈ విషయంలో ఆయన పక్షాన చెప్పదగిన మాట ఒక్కటి కూడా నాకు అప్పుడు దొరకలేదు, ఇప్పుడూ దొరకదు.

ప్రతి గొడవ తరువాత అమ్మమ్మ నోట ఒకే మాట వచ్చేది. "వాడంతే. మీరే జర సర్దుకోండ్రి." మేమందరం సర్దుకున్నాము. పెద్దమామ అందరికంటే ఎక్కువ సర్దుకున్నాడు. తమ్ముడు తిడితే నవ్వేవాడు, తోస్తే పక్కకు జరిగేవాడు, అన్నం పళ్లెం విసిరేస్తే ఏరి ఎత్తిపెట్టేవాడు. ఎదురుమాట లేదు. ఆయన నవ్వినకొద్దీ చిన్నమామ కళ్లు ఎర్రబడేవి. నేను ఆ రోజుల్లో పెద్దమామ సహనాన్ని గురించి పిల్లలకు పాఠంలో ఉదాహరణగా చెప్పేదాన్ని. పేరు చెప్పకుండా, ఒకానొక నేతగాడు అని.

ఒక విచిత్రం మాత్రం ఇక్కడ చెప్పాలి. ఒకసారి ఏదో పని మీద నేనూ చిన్నమామా మరిపెడకు పోయాము. అక్కడ మమ్మల్ని ఎరిగినవారు ఎవరూ లేరు. బస్సులో ఒక ముసలామెకు తన సీటు ఇచ్చి దారి పొడుగునా నిలబడి వచ్చాడు. తన కాలు తొక్కిన మనిషితో, "పర్వాలేదు తీయన్నా, రష్‌ల గట్లనే అయితది," అన్నాడు. రోడ్డు పక్క హోటల్లో చాయ్ ఒలికించిన మనిషి మీద చెయ్యి లేపలేదు, పైగా వాడి భుజం తట్టాడు. తిరిగి వచ్చి కొత్తవాడ సందు మొదట్లో అడుగు పెట్టగానే, "ఏం, అన్న రాలేదా?" అని ఒకాయన మామూలుగా పలకరించాడు. చిన్నమామ ముఖంలో రక్తం ఉబికి రావడం నేను పక్క నుంచి చూశాను. మరిపెడలో ఆయన ఒక మనిషి. ఇక్కడ ఒకరి తమ్ముడు, ఎడమవైపు మనిషి.

ఇక అసలు సంగతి. చిన్నమామ వరుసలు వదులుగా పడేవి. అన్నీ కాదు, ఒకటి రాయిలా బిగిసేది, తరువాతది వేలు దూరేటంత వదులుగా ఉండేది. ఆయన బీడీ కోసమో చాయ్ కోసమో బయటికి పోగానే పెద్దమామ చప్పుడు చేయకుండా ఎడమవైపుకు జరిగి, తమ్ముడి వరుసలను పంజాతో మళ్లీ దట్టించేవాడు. మరీ పాడైనవాటిని విప్పి తానే నేసేవాడు. అడుగుల చప్పుడు వినిపిస్తే తన చోటికి వచ్చి కూర్చునేవాడు. పెద్దత్తకు తెలుసు, అమ్మమ్మకు తెలుసు, నాకు తెలుసు. దారం చుట్టడానికి వచ్చే ఇరుగుపొరుగు ఆడవాళ్లకూ తెలుసు. తెలియనిది ఆయన ఒక్కరికే.

ఆ ఏడాది ఒక పెద్ద జంపఖానా మగ్గం మీద ఉన్నప్పుడు, సరుకు తీసుకునే సేటు చూడటానికి వచ్చాడు. సెలవు కాబట్టి నేను ఇంట్లోనే ఉన్నాను. సేటు అరచేతిని కుడి అంచు నుంచి ఎడమ అంచు దాకా నెమ్మదిగా జరిపి, చిన్నమామ వైపు తిరిగాడు. "ఏం చిన్నాయినా, ఈపాలి నీ దిక్కు మస్తు కుదిరింది! మీ అన్నది ఏదో నీది ఏదో ఎరుకైతలేదు పో." చిన్నమామ ఒక్క క్షణం బిగుసుకుపోయాడు, ఎగతాళేమో అనుకున్నట్టున్నాడు. కాదని తేల్చుకున్నాక ఆ ముఖం మారిన తీరు నేను ఎన్నడూ మరువలేదు. లేచి చాయ్ క్యాను తీసుకొని, "కూసోండ్రి సేట్, అందరికి చాయ్ నేను తెస్త," అని గడప దాటాడు. "ఇయ్యాల పొద్దు ఏ దిక్కు పొడిసిందే అత్తా?" అని పెద్దత్త అమ్మమ్మతో అన్నది. "మెల్లగ అనే, ఇంటడు," అని అమ్మమ్మ నోరు నొక్కుకుంటూ నవ్వింది. సేటుకు తొందర ఉండి చాయ్ కోసం ఆగలేదు. ఆయన పోగానే, పెద్దమామ అలవాటు ప్రకారం ఎడమవైపుకు జరిగాడు. పంజా ఎత్తాడు.

చిన్నమామ హోటలుకు నడిచి పోలేదట, ఉరికి పోయాడట, తరువాత తెలిసింది. అంత త్వరగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చేతిలో చాయ్, మరో చేతిలో కాగితంలో కట్టిన మిరపకాయ బజ్జీలు. "ఏం జేస్తాన్నవ్ అన్నా?" అని అడిగాడు. గొంతు మెత్తగానే ఉన్నది.

"ఏం లేదు తమ్మీ, ఒక పోగు జర..."

"నా జాగల కూసొని ఏం జేస్తాన్నవని అడుగుతాన్న."

పెద్దత్తకు గొడవ ఆపాలన్న ఆత్రం తప్ప మరొకటి లేదు. "అయ్యో, రోజు జేసేదే గదనయ్యా, దానికేందిప్పుడు," అన్నది.

రోజు చేసేదే. ఆ మాట ముగిసేలోగా కాగే చాయ్ పెద్దమామ ఛాతీ మీద పడింది. క్యాను వచ్చి గోడకు తగిలింది. ఆయన లేవబోతుంటే చిన్నమామ పంజాను లాక్కొని కుడిచేతి మీద కొట్టాడు. మోచేతికి కింద ఎముక విరిగిన చప్పుడు గదిలో ఉన్న అందరికీ వినిపించింది. రెండో దెబ్బ భుజం మీద పడి, పంజా పళ్లు చొక్కాను చీల్చి మాంసంలో దిగాయి. అడ్డం వచ్చిన అమ్మమ్మను తోసేస్తే ఆమె వెళ్లి రాట్నం మీద పడింది. నేను పెద్దమామను వెనక్కి లాగుతున్నాను, పెద్దత్త చిన్నమామ నడుమును పట్టుకొని వేలాడుతున్నది. ఆమెను విదిలించుకొని, ఆయన దారాలు కోసే కత్తి అందుకున్నాడు. మనిషి మీదికే అనుకున్నాము. కాని ఆయన మగ్గం వైపు తిరిగి, బిగించి ఉన్న పడుగును అడ్డంగా కోశాడు. పోగులు ఒక్కసారిగా తెగి, కొరడాల్లాగా వెనక్కి ఎగిరాయి. ఇంట్లో ఏడుపులన్నీ ఆగిపోయాయి. నేతపని చేసే ఇళ్లలో తాగినవాళ్లను చూశాము, భార్యలను కొట్టినవాళ్లను చూశాము. మగ్గం మీద ఉన్న పడుగును కోసినవాడిని గురించి కొత్తవాడలో ఎవరూ విని ఉండలేదు.

అప్పుడు పెద్దమామ లేచాడు. కుడిచెయ్యి వేలాడుతున్నది. ఎడమచేత్తో తమ్ముడి చెంప మీద కొట్టాడు. చిన్నమామ తల తిరిగి గోడకు తగిలింది. మళ్లీ కొట్టాడు. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది. గొంతు పట్టుకొని గోడకు అదిమాడు.

"నా చెయ్యి ఇరగ్గొట్టినవ్, ఊకున్న. పడుగు కోస్తవారా? నీ పడుగు గాదారా అది?"

"నాదేంది అండ్ల? మొత్తం నువ్వే నేసినవ్ గద! ఎన్నేండ్ల సంది కొడ్తాన్నవ్ నా వరుసలు?"

"నువ్వు కూసున్న నాటి సంది!"

"మరి నాకు చెప్పకపోతివేందే?"

"చెప్తే నువ్వు తట్టుకోవని!"

"తట్టుకోనని నీకెవడు చెప్పిండు? ఒక్కనాడన్న అడిగినవా నన్ను? అందరు నా మొకం జూసి నవ్వుడు, నేను పోయినంక నాది సదురుడు! సేటు మెచ్చుకున్నడని ఉరికి పోయి చాయ్ తెచ్చిన గదనే..." అని అంటూ అంటూ ఆయన ఏడ్చేశాడు. ఆ మనిషి ఏడవడం మేము మొదటిసారి చూశాము.

పెద్దమామ చెయ్యి తీసేశాడు. "అయితే ఇను," అన్నాడు. "నువ్వు వదులుగ నేస్తవ్. చేతగాక గాదు. మనసుల ఎవనితోనో కొట్లాడుకుంట నేస్తవ్. ఒక దెబ్బ వాని మీద వడ్తది, ఒక దెబ్బ దారం మీద వడ్తది. ఇగ నేను ముట్ట. సేటు వాపసు పంపితే పంపనీ. విప్పి మళ్ల నువ్వే నేద్దువు."

చిన్నమామ గోడకు జారి నేల మీద కూర్చున్నాడు. మళ్లీ లేస్తాడని, ఈసారి కత్తి మనిషి మీదికే వస్తుందని నేను భయపడ్డాను. ఆయన రుమాలుతో మూతి తుడుచుకొని, "నీ చెయ్యి సూపియ్యి," అన్నాడు. తానే ఆటో పిలిచి అన్నను పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు, నేను వెంట పోయాను. డాక్టరు ఒకరి చెయ్యినీ, మరొకరి మూతినీ చూసి ఏమైందని అడిగాడు. "మగ్గం మీద పడ్డ సార్," అన్నాడు పెద్దమామ. "నేను గూడ," అన్నాడు చిన్నమామ. "ఇద్దరూ ఒకే మగ్గం మీదనా?" అంటే, ఇద్దరూ ఒకేసారి తల ఊపారు. అంత నొప్పిలోనూ పెద్దమామకు నవ్వు వచ్చింది. చిన్నమామ ఆ నవ్వును చూశాడు. ఆయనకు కూడా నవ్వు వచ్చి, చిట్లిన పెదవి మళ్లీ నెత్తురు కక్కింది.

చెంపదెబ్బ మనుషులను బాగుచేస్తుందని నేను చెప్పడం లేదు. అలా నమ్మి ఉంటే నా ఉద్యోగకాలమంతా బెత్తం పట్టుకునేదాన్ని. చిన్నమామ అంతకుముందూ తన్నులు తిన్నాడు, తాతయ్య చేతిలో, బయటివాళ్ల చేతిలో. ఏ దెబ్బా ఆయనకు పట్టలేదు. ఆనాడు ఆయనకు పట్టినది ఆ దెబ్బ వెనక వచ్చిన మాట. నీ నేత వదులు అని ఆయన ముఖం మీద చెప్పిన మొదటి మనిషి అన్న. మేమందరం ఆయనను పసివాడిలాగా, రోగిలాగా సముదాయించాము. మా సహనంలో ఎంత చులకన ఉన్నదో మాకు తెలియలేదు గాని, ఆయనకు తెలుస్తూనే ఉండేది. ఎక్కడ ఉన్నదో పట్టుకోలేక వడ్డించేవాడి గంటెలో, భార్య మెచ్చుకోలులో, నా చదువులో వెతుక్కుంటూ తిరిగాడు. తన విలువ తన చేతిలో లేని మనిషి ఎదుటివాళ్ల ముఖాల్లో దాని కోసం దొంగను వెతికినట్టు వెతుకుతాడు. ఇది క్షమాపణ కాదు, కారణం మాత్రమే. చిన్నత్త మణికట్టుకు ఆ రెంటి మధ్య తేడా బాగా తెలుసు.

తెగిన పడుగును ఒక్కొక్క పోగుగా చిన్నమామ ఒక్కడే అతికాడు. సాయానికి కూర్చోబోయిన పెద్దత్తను, "వదినే, వద్దు," అన్నాడు. అతకడం పూర్తయ్యాక, పక్కన కూర్చునేవాళ్లు లేక నెక్కొండకు పోయాడు. చిన్నత్త వెంటనే రాలేదు. వాళ్ల అన్నదమ్ములు ఆయనను వాకిట్లోనే నిలబెట్టారు, ఒకరు తోశారు కూడా. ఆయన తిరిగి తోయలేదని చిన్నత్త నాతో తరువాత చెప్పింది. అది చూసి వచ్చిందట, మాటలు విని కాదు. వచ్చేముందు వాకిట్లోనే, వాళ్ల వాళ్లందరూ వింటుండగా చెప్పిందట, "నీ చెయ్యి లేసిన్నాడు నేను బండెక్కుత. మళ్ల నువ్వొచ్చినా రాను." ఆమె మగ్గం మీద ఎడమవైపు కూర్చుంది, ఆయన కుడివైపు కూర్చుని రంగులు పలికాడు. పెద్దమామ చేతికి కట్టుతో మంచం మీద నుంచి చూస్తూ, "తమ్మీ, మూడో వరుస వదులు," అనేవాడు. చిన్నమామ పళ్లు బిగించి, దాన్ని విప్పి మళ్లీ నేసేవాడు. పళ్లు బిగించడం మానలేదు. ఆ తరువాత కూడా ఆయన గొంతు లేచిన రోజులు ఉన్నాయి, ఒకటి రెండు గిన్నెలు గోడకు తగిలాయి. మనిషి మీద చెయ్యి పడలేదు.

పెద్దమామ చెయ్యి అతుక్కున్నది గాని వేళ్లకు పూర్వపు పట్టు రాలేదు. అయినా ఆయన మగ్గం వదలలేదు, ఎడమవైపు వచ్చి కూర్చున్నాడు. నేను హనుమకొండకు మారిన తరువాత సెలవుల్లో పోయినప్పుడల్లా వాళ్ల పక్కన కొంతసేపు కూర్చునేదాన్ని. ఒకనాడు పెద్దమామ వరుస వదులుగా పడింది. "అన్నా, నీది వదులైంది," అన్నాడు చిన్నమామ. పెద్దమామ ఆ వంకర వేళ్లతో పంజా ఎత్తి మళ్లీ దట్టించసాగాడు. నుదుటి మీద చెమట పట్టింది, పంజా జారబోతే మళ్లీ పట్టుకున్నాడు. చూడటానికి వచ్చిన చుట్టం ఒకామె నా చెవిలో, "ఎంత కఠినం! ఒక దెబ్బ తనే వేయరాదా?" అన్నది. చిన్నమామ తన పంజాను ఒడిలో పెట్టుకొని, ముఖం పక్కకు తిప్పుకొని, అన్న దెబ్బలు పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. ఇద్దరూ పోయి కొన్నేళ్లయింది. మనం ఒకరి కోసం ఒకరం గడిపిన కాలంలో చేసిన పనులకంటే చెయ్యి ఆపుకొని కూర్చున్న ఘడియలే ఎక్కువ బరువు తూగుతాయని, ఆలస్యంగానైనా, ఈ వయస్సులో నాకు అర్థమవుతున్నది.